పదిహేడు దగ్గర ఆగే గొంతు

మూసేసిన లాండ్రీ వెనక సందు ఒకటుంది. అర్ధరాత్రి దాటాక అటు వెళ్ళకండి. వెళ్ళక తప్పకపోతే అక్కడున్న ఇనప మూత మీద కాలు పెట్టకండి. పొరపాటున పెట్టినా... కింద ఎవరో అంకెలు లెక్కపెడుతుంటే మాత్రం నిలబడి వినకండి.

ఇవి నా మాటలు కావు. మా ఊరి నీళ్ల ఆఫీసులో ప్యూను దగ్గర్నుంచీ పెద్ద గుమాస్తా దాకా అందరి మాటా ఇదే. ఎనిమిది నెలలుగా ఆ సందుకి చెడ్డపేరు.

ఆ మూత కింద మనిషి నిలువు లోతున ఒక గుంట. వీధి కింద పోయే పైపులకి వాల్వులు పెట్టే చోట అలాంటి గుంటలు కట్టి, చాంబర్లు అంటారు. ఆ చాంబర్లోంచి రాత్రిళ్ళు, గంటకోసారి, ఒక మగగొంతు వస్తుంది.

ఒకటి... రెండు... మూడు...

తొందర లేదు. అంకెకీ అంకెకీ మధ్య ఏదో బరువు ఎత్తి దించుతున్నట్టు ఆగుతుంది. పదిహేడు దాకా వస్తుంది. అక్కడ ఆగిపోతుంది. మళ్ళీ గంట దాకా చడీచప్పుడూ ఉండదు.

పద్ధెనిమిది విన్నవాడు లేడు.

మొదటి నెలలో ఆ గొంతుకి మనిషి లేడు, ఒట్టి గొంతే. రెండో నెలకి ఒక పాత వాల్వు మనిషి పుట్టుకొచ్చాడు. చచ్చి పుట్టుకొచ్చాడనుకోండి. ఆ వాల్వు పూర్తిగా మూయాలంటే ముప్ఫై ఆరు చుట్లు తిప్పాలట, పదిహేడు తిప్పేసరికి అతని గుండె ఆగిందట. మూడో నెలకి ఆయనకి మీసాలు మొలిచాయి. నాలుగో నెలకి షరతు వచ్చింది — పదిహేడు విన్నవాడు నోరు జారి పద్ధెనిమిది అన్నాడో, మిగతా చుట్లు వాడే తిప్పాలి. ఇక ఆ గుంటలోనే. ఎప్పటికీ.

దెయ్యాలూ ఉద్యోగుల్లాంటివే. ముందు చేరతాయి, రూల్సు తరవాత వస్తాయి.

ఆ ఆఫీసులోనే నేను ముప్ఫై మూడేళ్ళు పైపుల మ్యాపులు గీశాను. నేను పనిచేసినన్నాళ్ళూ డ్యూటీలో చచ్చిన వాల్వు మనిషి ఒక్కడూ లేడు. ఈ మాట చెబితే, "మీరు రిటైరయ్యాక చచ్చాడేమో లెండి" అన్నారు. మనిషి ఎప్పుడు చచ్చాడన్నది వాళ్ళకి పెద్ద పట్టింపు కాదు.

సరే, అసలు కథ మా చెల్లెలి భర్తది. ఆయన నన్ను బావా అంటాడు, నేనూ ఆయన్ని బావా అనే అంటాను. ఊళ్ళో అందరూ 'చెవి' అంటారు. ఎందుకంటే ఆయన ఉద్యోగమే వినడం.

నవ్వకండి. నేల కింద ఎక్కడో పైపు పగిలి నీళ్ళు కారిపోతుంటాయి. పైకి తడి కూడా కనిపించదు. ఊరు పడుకున్నాక, బళ్ళ చప్పుడు ఆగాక, మా బావ నాలుగడుగుల ఇనప కడ్డీ పట్టుకుని బయల్దేరతాడు. ఒక కొస వాల్వు మీద ఆనిస్తాడు, రెండో కొసకి చెక్క గిన్నెలాంటిది ఉంటుంది, దాన్ని చెవికి ఆనించుకుంటాడు. నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో ఇనుమే చెబుతుంది.

ఆ చెవి ఎలాంటిదంటే, మా చెల్లెలు వంటింట్లో ఏ డబ్బా మూత తీసిందో వీధి గుమ్మంలో కూర్చుని చెప్పేస్తాడు. "ఈయనతో కాపురం అంటే పోలీసు స్టేషన్లో కాపురమే అన్నయ్యా, చాటుగా ఒక బిస్కత్తు తినడానికి లేదు" అంటుంది అది.

మా ఊరి పైపులు నాకంటే పెద్దవి. ఇనప పైపుకి వయసు మీద పడితే ఎలా ఉంటుందో తెలుసా? పైకి గట్టిగానే ఉంటుంది. లోపల తుప్పు, అతుకుల్లో నీరసం, ఒత్తిడి పెరిగితే ఎక్కడో ఒకచోట కారడం. నా వయసువాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ మధ్య కొత్తగా ఒక ఇంజినీరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, మా మనవరాలి ఈడు. చురుకైనది. వస్తూనే రెండు మిషన్లు కొనిపించింది. ఒకటి ఫిల్టర్ హౌసులో — బురద నీళ్ళని చూసి, ఎంత పటిక నీళ్ళు కలపాలో దానంతటదే తేల్చుకుని కలిపే మిషను. పటిక పడితేనే కదా బురద అడుక్కి దిగేది! రెండోది లీకులు వెతికే మిషను. చెవులకి డిప్పలు తగిలించుకుంటే చాలు, తెర మీద గీతలు వస్తాయి.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. రాత్రి నిండిన ట్యాంకు, కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా, తెల్లారేసరికి రెండడుగులు దిగిపోతోంది. కొత్త మిషను ఊరంతా తిరిగింది. గీతలు బోలెడు వచ్చాయి, లీకు దొరకలేదు.

ఇంజినీరమ్మ మా బావని పిలిచింది.

"శుక్రవారం పొద్దుటి దాకా చూడండి. మీకూ దొరక్కపోతే ఆ కడ్డీ స్టోర్లో పెట్టేద్దాం. మీరు బిల్లుల కౌంటర్లో కూర్చుందురుగాని. ఈ వయసులో రాత్రి తిరుగుళ్ళు ఎందుకు, నీడపట్టున ఉంటారు."

ప్రేమగానే అంది. అదే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది. బిల్లుల కౌంటరంటే కిర్రుకిర్రుమనే మూడు ఫ్యాన్లు, అరిచే జనం, కిటికీ పక్కనే జనరేటరు. ఆ చెవిని తీసుకెళ్ళి అక్కడ పెట్టడమంటే, పట్టుచీరతో బండి తుడవడమే.

గురువారం రాత్రికి ఊళ్ళో ఉన్న నూట పన్నెండు మూతల్లో నూట పదకొండు అయిపోయాయి.

మిగిలింది ఒక్కటి.

రిజిస్టరు చూస్తే ఆ మూత దగ్గర కూడా ఎనిమిది నెలలుగా 'శబ్దం లేదు' అనే ఉంది. రాత్రి డ్యూటీ చేసిన ప్రతివాడూ రాశాడు. మిషనువాళ్ళూ రాశారు. మూత మీద దుమ్ము మాత్రం ఎనిమిది నెలల నాటిది. మా బావ తన చేత్తో తాను మూడుసార్లు రాసిన 'శబ్దం లేదు' చూసుకుని తల దించుకున్నాడు.

"ఏమండీ, వెళ్ళక తప్పదా?" అంది మా చెల్లెలు.

"తప్పదు."

"అయితే బీరువా తాళం ఇచ్చి వెళ్ళండి."

"నేను తిరిగి రాననా?"

"వస్తారు. వచ్చేది మీరేనో కాదో నాకెలా తెలుస్తుంది? ఇలా ఇవ్వండి. ఇంకో మాట. అది పదిహేడు అంటే మీరు గమ్మున ఉండండి. జీతం లేని చోట ఉద్యోగం ఒప్పుకున్నారంటే మాత్రం నేను ఊరుకోను."

ఒంటిగంటకి పది నిమిషాలుంది. సందులో గాలి లేదు. లాండ్రీ గోడ మీద వీధిదీపం సగం పడి, సగం పడక... మా బావ పలుగు దూర్చి మూత లేపాడు. మూత కీచుమంది. లోపల్నుంచి చల్లటి తుప్పు వాసన వచ్చింది.

దిగాడు.

టార్చి వేస్తే రెండు పైపులు కనిపించాయి. ఒకటి కొత్తది, అయిదేళ్ళ కిందట వేసింది. దాని పక్కనే, కాస్త దిగువగా, పాత ఇనప పైపు, ఎప్పుడో పక్కన పెట్టేసింది. పాత పైపు వాల్వుకి పైడొప్ప తుప్పుపట్టి ఊడిపోయింది. అక్కడ అరచెయ్యంత కన్నం. నల్లగా... నోరు తెరిచినట్టు.

అటు చూడకూడదనుకున్నాడు. కడ్డీ తీశాడు. కొత్త పైపు మీద పెట్టబోతే జారి పాత పైపు మీద ఆనింది. అలవాటుగా చెవి పెట్టేశాడు.

"ఒకటి..."

అది చాంబర్లోంచి రాలేదు. తన తలకాయలోంచే వచ్చింది.

కడ్డీ మీదుగా, చెక్క మీదుగా, ఎముకలోకి. "రెండు..." అంటే పళ్ళు జిల్లుమన్నాయి. "మూడు..." చెవి తియ్యాలనుకున్నాడు. తల కదల్లేదు. "నాలుగు..." మెల్లగా... ఎవరో ఆయాసపడుతూ, మూలుగుతూ...

పది దాటింది. పదమూడు. పదిహేను. గొంతు వణుకుతోంది. పదహారు — ఒక పెద్ద మూలుగు.

"పది... హేడూ..."

ఆగింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, లేకపోతే మా బావ చేసింది మీకు అర్థం కాదు. పెద్ద వాల్వు ఒక్కడు తిప్పలేడు, ఇద్దరు తిప్పుతారు. తిప్పేవాడు పైకి లెక్కపెట్టాలి. వాడు అలిసిపోయి ఆగితే, పక్కవాడు వెంటనే తరవాతి అంకె గట్టిగా అనేసి పిడి అందుకోవాలి. లెక్క మధ్యలో తెగిందా, వాల్వు ఎంత తెరిచిందీ ఎంత మూసిందీ దేవుడికి కూడా తెలీదు. సగం ఊరికి నీళ్ళు రావు. అందుకని ఉద్యోగంలో చేరిన మొదటి రోజే తల మీద మొట్టి మరీ నేర్పుతారు — ఆగిన లెక్క అందుకో! లీకుల పనిలోకి రాకముందు మా బావ తొమ్మిదేళ్ళు వాల్వులు తిప్పాడు.

మనసు వద్దంది. పెళ్ళాం వద్దంది. ఊరు ఊరంతా వద్దంది.

నోరు మాత్రం తన డ్యూటీ తాను చేసింది.

"పద్ధెనిమిది!"

ఆ అంకె పైపు కన్నంలోకి పోయి, ఎక్కడికో... ఎక్కడికో... దొర్లుకుంటూ వెళ్ళిపోయింది.

నిశ్శబ్దం.

దూరంగా, భూమి లోపల, ఏదో రేకు సామాను కింద పడి ఖణేల్‌మంది.

ఆ తరవాత, సన్నగా, ఏడుపు గొంతుతో —

"పద్ధెనిమిదేనాండీ?"

మా బావ మర్యాదస్థుడు. ఎవరైనా అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేడు.

"అవునండీ" అన్నాడు.

"సరేనండీ" అంది పైపు.

అంతే. కడ్డీ ఎలా చంకన పెట్టాడో, పైకి ఎలా ఎక్కాడో ఆయనకి తెలీదు. ఒక చెప్పు గుంటలోనే ఉండిపోయింది. సొంతింటికి వెళ్తే మా చెల్లెలు తలుపు తియ్యదని భయమేసి, నేరుగా మా ఇంటికొచ్చి తలుపు బాదాడు.

"బావా, నన్ను తీసేసుకుంది" అన్నాడు.

"ఎందులోకి తీసేసుకుంది?"

"ఉద్యోగంలోకి! పద్ధెనిమిది అనేశాను!"

నేను కాలేజీలో ఫిజిక్సు చదువుకున్నవాణ్ణి. దెయ్యాలు లేవని నాకు బాగా తెలుసు. అయినా ఆయన్ని లోపలికి రమ్మనే ముందు, ఎందుకైనా మంచిదని, రెండు పాదాలూ నేలకి ఆనుతున్నాయో లేదో చూసుకున్నాను.

తెల్లారాక ఇద్దరం ఆఫీసుకి వెళ్ళాం. ఆయన ఒక్కడే వెళ్ళనన్నాడు. శుక్రవారం, లీకు దొరకలేదు, పైగా దెయ్యం కొలువు. ఇక బిల్లుల కౌంటరు ఖాయం.

ఇంజినీరమ్మ గదిలో అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నాడు — ఫిల్టర్ హౌసులో రాత్రి డ్యూటీ చేసే పెద్దాయన. ఇరవై ఏళ్ళు పటిక కలిపి కలిపి, పేరే పటికాయన అయిపోయింది. మొహం కూడా పటికలాగే తెల్లగా పాలిపోయి ఉంది. చేతిలో ఒక కాగితం.

ఇంజినీరమ్మ మాత్రం సంతోషంగా ఉంది. "ఇవాళ నీళ్ళు చూశారా? అద్దంలా ఉన్నాయి. ఎనిమిది నెలల్లో ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. మిషను దారిలో పడ్డట్టే!" అని పటికాయన వైపు తిరిగింది. "ఇలాంటి రోజున బదిలీ అడుగుతారేంటండీ?"

"అక్కడ పని చెయ్యలేనమ్మా" అన్నాడు పటికాయన నేల చూపులు చూస్తూ. "గోడలోంచి మాట్లాడుతున్నారు."

"ఎవరు?"

"పోయినవాళ్ళు. రాత్రి నేను నా పని చేసుకుంటూ లెక్కపెట్టుకుంటున్నాను. పదిహేడు అనగానే, గోడలోంచి పద్ధెనిమిది అన్నారు. నా చేతిలోంచి మగ్గు జారిపోయింది."

మా బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నొప్పి పుట్టింది.

"ఆ తరవాత?" అంది ఇంజినీరమ్మ.

"పెద్దల మాట కదా అని... పద్ధెనిమిదేనాండీ అని అడిగాను. అవునండీ అన్నారు. సరేనండీ అన్నాను. అప్పట్నుంచి తెల్లారేదాకా పద్ధెనిమిదే పోశాను."

"ఆ అవునండీ అన్నది నేనేనయ్యా!" అని అరిచాడు మా బావ.

పటికాయన కుర్చీతో సహా రెండడుగులు వెనక్కి జరిగాడు. "నువ్వెప్పుడు పోయావు?"

"నేను పోలేదు! నువ్వు పోయావనుకున్నాను!"

"నేనెందుకు పోతాను? ఇంకా మూడేళ్ళ సర్వీసుంది!"

"దెయ్యం 'అండీ' అంటుంటే నాకప్పుడే అనుమానం వచ్చింది" అన్నాడు మా బావ. అప్పుడేమీ రాలేదు. నేను సాక్షిని.

ఇంజినీరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తరవాత బీరువాలోంచి పాత మ్యాపు తీసి టేబుల్ మీద పరిచింది. ఫిల్టర్ హౌసు నుంచి లాండ్రీ సందు దాకా నాలుగువందల గజాల పాత పైపు. ఖాళీ ఇనప గొట్టంలో మాట ఎంత దూరమైనా చక్కగా పోతుంది. ఒక కొస ఫిల్టర్ హౌసులో పటిక తొట్టి పక్కన తెరుచుకుని ఉంది, రెండోది తుప్పుపట్టిన వాల్వు కన్నం.

"కానీ ఇక్కడ పైపు కొస మూసేసినట్టు అడ్డగీత ఉందే! ఎవరండీ ఇది గీసింది?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆకాశం బాగుంది. మూయించాల్సినవాళ్ళు ఎలాగూ మూయిస్తారు కదా అని నేను ముందే గీశాను. మ్యాపులో గీత ఉంది కదా, మూసేసే ఉంటారని వాళ్ళు మూయలేదు. ప్రభుత్వం ఇలాగే నడుస్తుంది, అందులో నా తప్పేం లేదు.

"అది సరేగాని, రాత్రిళ్ళు మీరు మగ్గుతో పోసేదేమిటి?" అంది ఇంజినీరమ్మ పటికాయనతో.

పటికాయన చేతిలో కాగితాన్ని మడిచాడు, మళ్ళీ మడిచాడు. మడవడానికి ఇంకేం మిగల్లేదు.

ఇంజినీరమ్మ తెలివైనదని చెప్పాను కదా. అతన్ని ఫిల్టర్ హౌసుకి పొమ్మని, మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని లాండ్రీ సందుకి వచ్చింది. చాంబర్లోకి దిగింది. కన్నం దగ్గర నోరు పెట్టి, మెల్లగా అడిగింది.

"పెద్దాయనా, వినిపిస్తోందా?"

"వినిపిస్తోందమ్మా" అంది పైపు. పట్టపగలైనా సరే, నా మెడ మీద వెంట్రుకలు లేచాయి.

"మిషను ఎప్పుడు ఆగిపోయింది?"

ఎదురుగా ఉంటే చెప్పలేని మాట, నాలుగువందల గజాల అవతల్నుంచి అయితే చెప్పొచ్చు...

"పెట్టిన పంతొమ్మిదో రోజునమ్మా. మీరు రిబ్బను కత్తిరించిన మిషను కదా. నాతోనే ఆగిందంటే నన్నేమంటారోనని... నీళ్ళు శుద్ధి చేసేది రాత్రిళ్ళే కదా, గంటకోసారి చేత్తో పోస్తున్నాను."

"మరి పదిహేడే ఎందుకు?"

"పదిహేడో మగ్గుకి భుజం పట్టేస్తుందమ్మా."

ఇంజినీరమ్మ కోప్పడుతుందేమో అనుకున్నాను. కళ్ళు మూసుకుని నిలబడింది, భుజాలు కదిలాయి. నవ్వుతోందని కాసేపటికి గానీ తెలీలేదు. "సాయంత్రం మెకానిక్కుని తీసుకొస్తాను. అది బాగయ్యేదాకా పద్ధెనిమిది పోయండి. మీ భుజానికి ఇంకో మనిషిని ఇస్తాను" అంది. ఆ తరవాత అసలు మిషనుకి ఎంత లెక్క పెట్టాలి, వానాకాలం ఎంత, ఎండాకాలం ఎంత అని పైపుతో మాట్లాడుతూనే ఉంది. పైపు కూడా హుషారుగా చెబుతోంది. ఇరవై ఏళ్ళలో అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు మరి.

మా బావ సంగతి ఇద్దరికీ గుర్తులేదు. ఆయన కూడా చాంబర్లోకి దిగి ఓ మూల చెప్పు వెతుక్కున్నాడు. తొడుక్కున్నాడు. కడ్డీ తీశాడు. ఈసారి అది జారలేదు. కొత్త పైపు మీద ఆనించి, చెవి పెట్టి —

"అమ్మా, కాస్త నోరు మూసుకోండి" అన్నాడు.

నాకు గుండె ఆగినంత పనైంది. ఇంజినీరమ్మ మూసుకుంది. పైపు కూడా మూసుకుంది.

ఒక నిమిషం. రెండు.

మా బావ పైకెక్కాడు. సందులో నాలుగడుగులు నడిచాడు, ఆగాడు, ఒకడుగు వెనక్కి వేశాడు. కడ్డీ నేల మీద ఆనించి మళ్ళీ విన్నాడు. మడమతో నేల మీద గీత గీశాడు.

"ఇక్కడ. మూడడుగుల లోతున. కొత్త పైపు అతుకు వదిలింది. ఆ నీళ్ళు వాల్వుకి అవతల, కింద ఉన్న పాత పైపు పగుల్లోకి దిగి, పల్లానికి పోయి కాలవలో పడుతున్నాయి. అందుకే పైకి తడి లేదు."

మధ్యాహ్నానికి తవ్వారు. రెండడుగుల తొమ్మిదంగుళాల దగ్గర నీళ్ళు ఫౌంటెన్‌లా ఎగిసి, తవ్వేవాళ్ళనీ ఇంజినీరమ్మనీ తల దగ్గర్నుంచి తడిపేశాయి. మూడు అంగుళాలు తప్పినందుకు మా బావ ఇప్పటికీ బాధపడుతుంటాడు.

ఇంజినీరమ్మ మొహం తుడుచుకుంటూ వచ్చి, ఆయన చేతిలోంచి కడ్డీ తీసుకుంది. ఇంకా కారుతున్న పైపు మీద ఆనించి, చెవి పెట్టింది. కళ్ళు మూసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"నాకేం వినబడట్లేదండీ."

మా బావ జాగ్రత్తగా ఆ కడ్డీ వెనక్కి తీసుకున్నాడు.

"మీకు వినబడకపోవడమే మంచిదమ్మా. వినబడితే నేను కౌంటర్లో కూర్చోవాలి."